పిల్లలు అడిగినప్పుడు ఏమి చెబుదాం? – అరకు మ్యూజియం, కాఫీ తోట



ధ్యానానికి: యెహోషువ 4వ అధ్యాయం, ద్వితీయోపదేశకాండము 8, 26 అధ్యాయాలు.

ఇశ్రాయేలీయులు యొర్దాను దాటగానే దేవుడు వారిచేత ఒక పని చేయించాడు. గోత్రానికి ఒకరు చొప్పున పన్నెండుమంది నది మధ్యకు వెళ్లి, తలా ఒక రాయి భుజాన వేసుకొని వచ్చారు. యెహోషువ ఆ రాళ్లను గిల్గాలులో నిలబెట్టించాడు. రాబోయే తరాల పిల్లలు వాటిని చూసి ఇవేమిటని అడగాలి, అప్పుడు పెద్దలు జరిగినదంతా చెప్పాలి. రాళ్లు పెట్టించిన ఉద్దేశం అదే. ప్రియులారా, ఇక్కడ ఒక సంగతి గమనించండి. రాయి సగమే సాక్ష్యం. మిగతా సగం పెద్దల నోటిలో ఉంది. చెప్పేవాడు లేకపోతే ఆ పన్నెండు రాళ్లూ ఏటిఒడ్డున పడివున్న రాళ్లే.

నవంబరు చివరి వారంలో మన సంఘ యౌవనస్థులూ కొందరు పెద్దలూ కలిసి అరకు లోయకు వెళ్లివచ్చాము. అక్కడి గిరిజన మ్యూజియం, పద్మాపురం ఉద్యానవనం చూశాము. లోయ అవతల ఒక విశ్వాసి కుటుంబం సాగుచేసుకునే కాఫీ తోటలో ఒక పూట గడిపాము. రాలేకపోయినవారి కోసం, వచ్చి ఫోటోలు మాత్రమే తీసుకున్నవారి కోసం కూడా, అక్కడ చూసినది, దాని వెనక ఉన్న చరిత్ర, వాక్యం వెలుగులో మాకు తోచినది ఇక్కడ రాస్తున్నాము.

మనలను మోసిన రైలుపట్టాలు

కొత్తవలసలో కిరండూల్ రైలెక్కాము. శృంగవరపుకోట దాటగానే బండి కొండెక్కడం మొదలుపెడుతుంది. ఈ లైను మీద యాభైకి పైగా సొరంగాలున్నాయి. పిల్లలు ప్రతి సొరంగంలోనూ కేకలు వేశారు. శిమిలిగుడ స్టేషను సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉంది. చాలా కాలం దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లలో అదే ఎత్తయినదని పేరు పొందింది.

అయితే ఈ లైను ప్రయాణికుల కోసం వేసింది కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చడానికి 1960లలో వేశారు. అక్కడనుండి ఖనిజం ఓడల్లో జపాను వెళ్లేది. చరిత్ర ఎంత విచిత్రమో చూడండి. 1942 ఏప్రిల్ 6న అదే జపాను విమానాలు అదే రేవు మీద బాంబులు వేశాయి. నాడు పేలకుండా మిగిలిన బాంబు ఒకటి ఈనాటికీ బీచ్‌రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది. రెండు దశాబ్దాలు తిరిగేసరికి బాంబులు వేసిన దేశానికే మన కొండల ఇనుము వెళ్లింది. రాజ్యాల శత్రుత్వాలూ స్నేహాలూ మారుతూనే ఉంటాయి. కొండమీద బుట్ట అల్లుకునేవానికి మాత్రం ఆ రెండింటి గురించీ ఎవరూ ముందుగా చెప్పలేదు.

ఆ తరువాత మన ఉక్కు కర్మాగారానికీ బైలదిల్లా ఖనిజం ఈ పట్టాల మీదనే దిగింది. ద్వితీయోపదేశకాండము 8:9లో మోషే వాగ్దాన దేశాన్ని వర్ణిస్తూ, అక్కడి రాళ్లలో ఇనుము ఉందని, కొండలు తవ్వితే రాగి దొరుకుతుందని చెబుతాడు. విశాఖ ప్రాంతంలో బ్రతికే మనకు ఆ వచనం ఎంత దగ్గరగా ఉందో! కాని మోషే అక్కడ ఆగలేదు. తిని తృప్తిపొంది, మంచి ఇళ్లు కట్టుకొని, వెండి బంగారాలు పెరిగిన రోజున మరచిపోకుండా జాగ్రత్తపడమన్నాడు (8:11–14). ఇనుము దొరకడం ఆశీర్వాదమే. ఇనుము దొరికాక వచ్చే మరుపు శోధన.

అద్దాల వెనక చేట

అరకు గిరిజన మ్యూజియం 1996లో ఏర్పడింది. బగత, వాల్మీకి, కొండదొర, కోటియ, పోర్జ, గదబ, కోదు మొదలైన తెగల జీవితం అక్కడ మట్టిబొమ్మల రూపంలో కనిపిస్తుంది. పెళ్లి తంతు, వేట, థింసా నృత్యం, వంటిల్లు, పొలం పని అన్నీ ఉన్నాయి. వాటితోబాటు నిజమైన వస్తువులు కూడా పెట్టారు. విల్లంబులు, వెదురు బుట్టలు, చేపలు పట్టే సాధనాలు, ఎండిన సొరకాయ బుర్రలు, వంటపాత్రలు, డోళ్లు, నగలు. గదబ స్త్రీలు ఒకప్పుడు చెట్టునార వడికి, రంగులద్ది, తామే నేసుకొని కట్టుకునే చీరలకు పేరుపొందినవారు.

యౌవనస్థులు ఒకటి తరువాత ఒకటి చూసుకుంటూ, "అబ్బో, పాతకాలం" అనుకుంటూ నడిచిపోతున్నారు. మన సంఘంలోని ఒక పెద్దావిడ మాత్రం ఒక అద్దం ముందు నిలబడిపోయింది. కాసేపటికి, "మన ఇంట్లో చేటని అద్దాల్లో ఎట్టారేటి బాబూ?" అని అడిగింది. పిల్లలు నవ్వారు. ఆమె నవ్వలేదు. సొరబుర్ర చూపించి, అందులో చోడి అంబలి పోసుకొని పొలానికి వెళితే మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉండేదని చెప్పింది. చేటతో చెరగడం వేరు, కొట్టడం వేరు అని చేతులు ఆడించి చూపించింది. అప్పటిదాకా ఫోన్లు చూసుకుంటున్న నలుగురైదుగురు ఆమె చుట్టూ చేరారు. "తిరగలి ఎంతసేపు తిప్పేదానివి మామ్మా?" అని ఒక ఆడపిల్ల అడిగింది. "కోడి కూసిన కాడినుంచి" అంది ఆవిడ.

ఆ పావుగంటలో గిల్గాలు రాళ్ల సంగతి మాకు బాగా అర్థమైంది. వస్తువు అద్దంలో భద్రంగానే ఉంది. దానికి నోరు ఇచ్చింది ఆ తల్లి.

బయటకు వచ్చాక ఇంకో సంగతి కనిపించింది. రోడ్డు పక్కన ఒక గిరిజన స్త్రీ అలాంటి వెదురు బుట్టలోనే రాజ్మా గింజలు పోసి అమ్ముతోంది. లోపల పాతకాలమని చూసి వచ్చినది బయట ఈ పూట అన్నం పెడుతోంది. మ్యూజియం మంచి పని చేస్తోంది, దానిని తప్పుపట్టడం లేదు. కాని టిక్కెట్టు కొని లోపల బొమ్మను మెచ్చుకొని, బయట ఉన్న మనిషితో పది రూపాయల దగ్గర బేరమాడి, ఆమె ముఖం చూడకుండా వెళ్లిపోతే మనం చూసిందేమిటి? బొమ్మలో దేవుని స్వరూపం లేదు. బుట్ట ముందు కూర్చున్న ఆ సహోదరిలో ఉంది.

కమ్మరి లేని దేశం

కొండ కమ్మరులని ఒక తెగ ఉంది. నాగటి కర్రు, గొడ్డలి, కొడవలి, బాణపు ములుకు కాచి కొట్టి ఇచ్చేది వారే. కొండమీద సేద్యమంతా వారి కొలిమి మీద ఆధారపడి నడిచింది.

1 సమూయేలు 13:19–21 చదవండి. ఇశ్రాయేలు దేశమంతటిలో కమ్మరి లేకుండా ఫిలిష్తీయులు చేశారు. నాగటి నక్కు, పార, గొడ్డలి పదును పెట్టించుకోవాలంటే శత్రువు దగ్గరకే దిగిపోవాలి. పనిముట్టు ఎవరి చేతిలో ఉంటే పెత్తనం వారి చేతికి పోతుంది. నేడు లక్షల టన్నుల ఉక్కు పోసే నగరం మన పక్కనే ఉంది. కాని మన పల్లెల్లో కర్రు కాచే కమ్మరి కొలిమి ఎన్ని ఊళ్లలో మిగిలింది? మన తాతల నాగళ్లు, కాడిమానులు ఎన్నో వంటచెరకు అయిపోయాయి. కర్రులు పాత ఇనుము వాడికి తూకానికి వెళ్లాయి. ట్రాక్టరు రావడం తప్పు కాదు. ఎద్దు మెడ మీద కాడి దిగినందుకు సంతోషమే. అయితే నాగలి దున్నినవాడు పడిన కష్టాన్ని కూడా తూకానికి అమ్మేయకూడదు.

కూరతోట

పద్మాపురం ఉద్యానవనం ఇప్పుడు గులాబీలు, చెట్లమీది గుడిసెలు, పిల్లల రైలుబండితో పర్యాటకులను ఆకర్షిస్తోంది. దీని ఆరంభం వేరు. 1942లో, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, సైనికులకు కూరగాయలు పండించి పంపడానికి దీనిని మొదలుపెట్టారు. రేవు మీద బాంబులు పడిన ఏడాదిలోనే కొండమీద క్యాబేజీలు నాటారన్నమాట. యుద్ధం ఎక్కడో జరిగినా దాని ఆకలి ఈ లోయదాకా వచ్చింది.

కూరతోట అనగానే బైబిలు చదివేవారికి 1 రాజులు 21వ అధ్యాయం గుర్తుకు వస్తుంది. అహాబు రాజు నాబోతు ద్రాక్షతోటను అడిగినది కూరతోట కోసమే. మంచి బదులు ఇస్తానన్నాడు, వెల కూడా ఇస్తానన్నాడు. నాబోతు ఒప్పుకోలేదు. అది పితరుల స్వాస్థ్యం, అమ్మే సరుకు కాదు. లేవీయకాండము 25:23 ప్రకారం భూమికి అసలు యజమాని దేవుడే, మనం ఆయన దగ్గర పరవాసులం. అహాబుకు అది అర్థం కాలేదు. యెజెబెలు అబద్ధసాక్షులనూ రాజముద్రనూ వాడింది. అన్యాయం ఆ రోజు దొంగలా రాలేదు, కాగితం పట్టుకొని వచ్చింది.

కొండ భూముల చరిత్ర చదివినప్పుడు ఈ కథ అడుగడుగునా కనిపిస్తుంది. కొండవారు తరతరాలుగా పోడు చేసేవారు. వాలు మీద పొదలు నరికి, ఎండాక కాల్చి, బూడిదలో చోడి, సామ, కంది చల్లి, కొన్నేళ్ల తరువాత ఆ చోటును వదిలి అడవికి మళ్లీ ఊపిరి పోసుకోనిచ్చేవారు. 1882 మద్రాసు అటవీ చట్టం తరువాత నిన్నటిదాకా తమదైన అడవిలో కట్టె కొట్టడమూ నేరమైంది. పోడు మీద ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టిచాకిరీ కలిసి అల్లూరి సీతారామరాజు నాయకత్వాన 1922–24 మన్యం తిరుగుబాటు అయ్యాయి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడితో అది మొదలైంది. 1924 మే 7న ఆయన మరణించారు. ఆ పేరుతోనే 2022లో పాడేరు కేంద్రంగా జిల్లా ఏర్పడింది, అరకు ఇప్పుడు అందులో ఉంది.

భూమి చేజారిపోకుండా చట్టాలు కూడా వచ్చాయి. ఏజెన్సీ భూముల బదలాయింపు మీద 1917లో ఒక చట్టం, 1959లో ఒక రెగ్యులేషన్, దానిని బలపరుస్తూ మనమందరం 'వన్ ఆఫ్ సెవెంటీ' అని పిలిచే 1970 నాటి సవరణ. ఏజెన్సీలో గిరిజనేతరుడు భూమి కొనకూడదని చెప్పేది అదే. అయినా అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో ఖనిజాల తవ్వకానికి ప్రైవేటు కంపెనీలకు లీజులు ఇచ్చారు. 'సమత' అనే సంస్థ కోర్టుకు వెళ్లింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతర ప్రైవేటు వ్యక్తులకు, కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వడం చెల్లదని తీర్పు చెప్పింది. ఆ లెక్కన ప్రభుత్వమూ చట్టం ముందు ఒక గిరిజనేతర 'వ్యక్తే'. బొర్రా గుహలు చూడటానికి లక్షలాదిమంది వెళ్తారు. ఆ పక్కనే ఇలాంటి నాబోతు వ్యాజ్యం నడిచిందని ఎంతమందికి తెలుసు? బైబిలులో నాబోతు చనిపోయాకే ఏలీయా వచ్చాడు. ఇక్కడ నాబోతు బ్రతికి ఉండగానే తీర్పు వచ్చింది. అందుకు దేవునికి స్తోత్రం చెప్పాలి.

కొండకింద మన కథ కూడా తలచుకోవాలి. విశాఖ ఉక్కు కోసం 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఉద్యమంలో పోయినవారిని ఏటేటా తలుచుకుంటాము. కాని కర్మాగారం కోసం ఊళ్లు, పొలాలు, తాటితోపులు ఇచ్చి వెళ్లిపోయిన కుటుంబాలను ఎందరు తలుస్తున్నారు? ఆ ఊళ్ల పేర్లు కొన్ని పెద్దల నోళ్లలోనే మిగిలాయి. ఆ ఉక్కు మన బిడ్డలకు ఉద్యోగాలు ఇచ్చింది, మన ఇళ్ల శ్లాబుల్లో ఉంది. కనుక ఆ పేర్లు చెప్పుకోవలసిన బాధ్యత మన మీద ఉంది.

ఎర్రబడేదాకా ఆగే తోట

ఇప్పుడు కాఫీ తోట సంగతి. మన తూర్పు కనుమల్లో కాఫీ మొదట 1898లో తూర్పు గోదావరి పాములేరు లోయలో బ్రోడీ అనే ఆంగ్లేయుని చేత నాటబడింది. తరువాతి దశాబ్దాల్లో విశాఖ మన్యానికి పాకింది. పోడుకు బదులుగా గిరిజన కుటుంబాలకు ఎకరం, రెండెకరాల తోటలు ఇచ్చే పథకాలు వచ్చాయి. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అడవి ఉత్పత్తులతోబాటు కాఫీ కూడా కొంటోంది. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ కాఫీ పారిస్ నగరంలో కూడా అమ్ముడవుతోంది.

మేము వెళ్లిన తోట పెద్దది కాదు. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియపు తీగలు, నీడలో కాఫీ మొక్కలు. ఇక్కడ కాఫీని పెద్ద చెట్ల నీడలోనే పెంచుతారు. మొక్క నాటితే కాపు చూడటానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. వేసవి మొదట్లో నాలుగు చినుకులు పడితే తెల్లని పూలు విచ్చుకుంటాయి, మల్లెతోటలాగా వాసన. కాయ పండి ఎర్రబడటానికి నవంబరు, డిసెంబరు రావాలి. ఒకే కొమ్మ మీద పచ్చకాయ, పండు పక్కపక్కనే ఉంటాయి. అందుకే ఒక్కసారి దులిపేయకూడదు. పండినవే చేత్తో ఏరాలి, మళ్లీ పది పదిహేను రోజులకు రావాలి.

"అయ్యగారూ, పచ్చికాయ కోస్తే తొందరగా సంచి నిండుద్ది గానీ ధర రాదు" అన్నాడు ఆ సహోదరుడు. ఏరిన పండును ఆ రోజే చేతితో తిప్పే చిన్న యంత్రంలో వేసి తొక్క తీయాలి. గింజ మీద జిగురు పోయేదాకా నానబెట్టి, కడిగి, ఎండలో పలచగా పరచి తిప్పుతూ ఆరబెట్టాలి. సాయంత్రం మంచు పడేముందు కప్పెయ్యాలి. మన యౌవనస్థులు రెండు గంటలు ఏరారు. అందరూ కలిసి ఏరినది ఆయన భార్య ఒక్కతే ఏరిన దానిలో సగం లేదు.

యాకోబు 5:7లో అపొస్తలుడు రైతును చూపించి ఓపిక నేర్పుతాడు. తొలకరి వాన, కడవరి వాన పడేదాకా రైతు ఎదురుచూస్తాడు. ఆ ఎదురుచూపు చేతులు కట్టుకొని కూర్చోవడం కాదని ఈ తోట నేర్పింది. నీడ కత్తిరించాలి, కలుపు తీయాలి, పండినదేదో పండనిదేదో ప్రతి కాయ దగ్గరా ఆగి చూడాలి. ఆత్మల కోతలో కూడా సంచి నింపుకునే తొందర మనకు ఉంది. సంఖ్య చెప్పుకోవడానికి పచ్చికాయలు దులిపితే కొమ్మ విరుగుతుంది.

కొత్త పంట

ఆ ఇంట్లో భోజనాల దగ్గర ఒక సంగతి తెలిసింది. ఈ కొండల్లో సామ కొత్త, కొర్ర కొత్త అని పండుగలు ఉన్నాయి. కొత్త పంట చేతికొచ్చాక మొదట సమర్పించకుండా ఎవరూ నోట పెట్టరు. లేవీయకాండము 23:14 చూడండి. ప్రథమఫలం దేవుని సన్నిధికి తేకముందు రొట్టె గాని, వేయించిన గింజలు గాని, పచ్చని వెన్నులు గాని తినకూడదని ఇశ్రాయేలుకు ఆజ్ఞ. సమర్పణ ఎవరికి అన్న విషయంలో మన విశ్వాసం స్పష్టమే, సృష్టికర్త అయిన దేవునికి మాత్రమే. కాని పంట తన సొంతం కాదు, ఇచ్చినవాడు ఒకడున్నాడు అనే ఎరుక ఈ కొండవారికి ఉంది. లుస్త్రలో పౌలు, దేవుడు వర్షాన్నీ ఫలవంతమైన ఋతువులనూ ఇస్తూ తన్నుగూర్చి సాక్ష్యం లేకుండా చేయలేదని చెప్పాడు (అపొ.కా. 14:17). ఆ సాక్ష్యం ఇక్కడా ఉంది. ఏటీఎంలో డబ్బు తీసి బియ్యం బస్తా కొనుక్కునే మనలో ఆ ఎరుక ఎంత మిగిలిందో పరీక్షించుకోవాలి.

ద్వితీయోపదేశకాండము 26లో ప్రథమఫలపు గంప తెచ్చినవాడు గంప దింపి ఊరుకోడు. నా పితరుడు దిక్కులేని సంచారి అని మొదలుపెట్టి తన వంశచరిత్ర చెబుతాడు. చివర, ఆ విందులో పరదేశికి కూడా చోటు ఉంటుంది. చరిత్ర, కృతజ్ఞత, పరాయివానికి పీట, ఈ మూడూ ఒకే గంపలో ఉన్నాయి.

మన సంఘం చేయగలిగినవి

ఒకటి. మన విశ్వాస చరిత్రకు కూడా నోరు కావాలి. 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ విశాఖపట్నం చేరారు. 1810 నాటికి ఇద్దరూ ఈ నేలలోనే కన్నుమూశారు. ఆనందరాయరు సహాయంతో మొదలైన వారి అనువాదపు పని 1812లో తెలుగు సువార్తలుగా శ్రీరాంపూరులో అచ్చయింది. ఇక్కడిదాకా పుస్తకాల్లో ఉంది. మన ఊరికి సువార్త ఎవరు తెచ్చారో, మొదటి బాప్తిస్మం ఏ చెరువులో జరిగిందో పుస్తకాల్లో లేదు. పెద్దలు ఉండగానే అడిగి రాయించండి.

రెండు. ఇంట్లో మిగిలిన తిరగలి, చేట, కుంచం, నాగలి, పాత పాటల పుస్తకం పారవేయకండి. రాబోయే కోతపండుగ రోజున ప్రార్థన మందిరానికి తీసుకురండి. ఒక్కొక్క వస్తువు పక్కన ఒక పెద్దను కూర్చోబెడదాం. పిల్లలు అడగాలి, వారు చెప్పాలి.

మూడు. ఉక్కు కర్మాగారం కోసం ఖాళీచేసిన ఊళ్లవారు, వారి బిడ్డలు మన మధ్య ఉన్నారు. తమ ఊరి పేరు, అక్కడి పొలం గుర్తులు రాసి ఇవ్వండి. ఆ పేర్లను మనం ప్రార్థనలో తలుచుకుందాం.

నాలుగు. కొండమీదనుండి చదువుకోసం, కూలికోసం మన ప్రాంతానికి వచ్చే బిడ్డలను 'ఏజెన్సీవాళ్లు' అని దూరంగా కూర్చోబెట్టే అలవాటు మన మందిరాల్లోనైనా ఆగాలి. పండుగ విందులో మొదటి పంక్తిలో వారికి చోటు ఉండాలి.

ప్రార్థన: భూమికి యజమానివైన దేవా, కొండలలో ఇనుమునూ కొమ్మలలో పండునూ దాచినవాడవు నీవే. తిని తృప్తిపొందిన రోజున నిన్నూ మా పితరుల కష్టాన్నీ మరచిపోకుండా మమ్మును కాపాడుము. కొండమీది మా సహోదరుల గట్టురాళ్లు కదలకుండా చూడుము. మా పిల్లలు అడిగినప్పుడు చెప్పడానికి మా పెద్దలకు ఆయుష్షునూ, వినడానికి మా పిల్లలకు చెవులనూ దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.